ఎర్ర బస్సులో మలయాళీ

యెహెజ్కేలు చెడ్డవాడు కాదు. ఆ మాట ముందే అనుకోవాలి, లేకపోతే అతను చేసిన పని విన్నాక అనుకోవడం కష్టం. రేపల్లె పక్కన చిన్న ఊరి నుంచి వచ్చి, మస్కట్‌లో ఓ పెద్దాసుపత్రి గుండె వార్డులో ఆరేళ్ళుగా నర్సుగా పని చేస్తున్నాడు. రోగుల మీద విసుక్కున్నది లేదు, డ్యూటీ ఎగ్గొట్టింది లేదు. శుక్రవారం వచ్చిందంటే రూవిలో తెలుగు ఆరాధనకి వెళ్ళి, వెనక వరసలో కూర్చుని, శ్రుతి సంగతి ఎలా ఉన్నా గట్టిగా పాడతాడు. అంతా బాగానే ఉంది గానీ, ఆసుపత్రి గేటూ చర్చి గేటూ దాటి రోడ్డు మీదికి వచ్చాడంటే మాత్రం మనిషి మలయాళీ అయిపోతాడు.

ఈ విద్య నేర్పినవాడు అతని రూమ్మేటు కాలేబ్. అతనూ నర్సే. అంతకు ముందు సంవత్సరం ఓ రోజు రూవి బస్టాండులో ఒకావిడ ఏడుస్తూ తెలుగులో పలకరిస్తే, యెహెజ్కేలు జాలిపడి తన ఫోనిచ్చాడు. టాక్సీ ఎక్కించి ఎంబసీ దాకా దిగబెట్టి వచ్చాడు. ఆవిడ పని చేసే ఇంట్లోంచి పారిపోయి వచ్చిన మనిషట. అలాంటివాళ్ళని ఇక్కడ ఖల్లివల్లి అంటారు, వాళ్ళకి సాయం చేసినవాడూ చట్టం ముందు దోషే. ఫోను నంబరు పట్టుకుని పోలీసులు రెండుసార్లు పిలిచారు. ఆసుపత్రి ఆఫీసులో సంజాయిషీ రాసి సంతకం పెట్టాల్సి వచ్చింది. భార్య సెలిన్‌ని తెచ్చుకోవడానికి పెట్టుకున్న వీసా కాగితాలు ఎనిమిది నెలలు బీరువాలో మూలిగాయి. అప్పుడే కాలేబ్ బోధించాడు. బయట ఎవరు తెలుగులో పిలిచినా పలక్కు, కేరళ అని చెప్పు, నర్సు యూనిఫాం చూసి ఎవడైనా నమ్ముతాడు అని. వాళ్ళ రూములో ఉన్న నలుగురూ అదే చేస్తారు. మొదట్లో యెహెజ్కేలుకి నాలుక తిరగలేదు. రెండు మూడుసార్లు అన్నాక తిరిగింది. తర్వాత అది అబద్ధమని కూడా అనిపించడం మానేసింది.

ఇది జరిగింది 2016 మే నెలలో. ఎర్ర బస్సులు రోడ్డెక్కి అప్పటికి ఆరు నెలలు. అంతకు ముందు మస్కట్‌లో ఎటు వెళ్ళాలన్నా హైవే పక్కన ఎండలో నిలబడి, నారింజ రంగు పట్టీల టాక్సీల వంక చెయ్యి ఊపడమే గతి. బస్సులు వచ్చాక పెద్ద హాయి దొరికింది. మబేలా నుంచి రూవి దాకా ఒకే గీత మీద పోతాయి, లోపల చల్లగా ఉంటుంది, ముందు సీట్లు ఆడవాళ్ళవి, మగవాళ్ళు వెనక. యెహెజ్కేలు ఉండే మవాలెహ్‌లో ఎక్కితే ఆసుపత్రి స్టాపు దాకా మధ్యలో ఎన్ని స్టాపులో అతనికి కళ్ళు మూసుకున్నా తెలుసు. రెండింటికి డ్యూటీ అయితే పన్నెండున్నర దాటాక వచ్చే బస్సు పట్టుకునేవాడు.

ఆ రోజు రెండు రోజుల సెలవు తర్వాత డ్యూటీకి వెళ్తున్నాడు. సెలిన్ వీసా వచ్చేసింది, జూన్ పన్నెండుకి టిక్కెట్టు తీశారు. మనసంతా దాని మీదే ఉంది. ఆడవాళ్ళ సీట్ల వెనక, మగవాళ్ళ మొదటి వరసలో కూర్చున్నాడు. అతని ముందు సీట్లో ఒకావిడ ఉంది. ముప్పై ఏళ్ళుండవచ్చు. నైటీ మీద నల్ల అబాయా తగిలించుకుని, ఆకుపచ్చ చున్నీ తలకి చుట్టుకుని, ఒళ్ళో ఉబ్బిన ప్లాస్టిక్ కవరు పెట్టుకుంది. ఇళ్ళలో పని చేసే మనిషని చూడగానే తెలుస్తుంది. అద్దానికి మొహం ఆనించి వచ్చే ప్రతి స్టాపునీ కళ్ళు చికిలించి చూస్తోంది.

బుర్జ్ అల్ సహ్వా గడియారం స్తంభం దగ్గర ఒక కారు అడ్డంగా దూరడంతో డ్రైవరు బ్రేకు తొక్కాడు. నిలబడ్డ ఇద్దరు పాకిస్తానీలు ఒకరి మీద ఒకరు పడ్డారు. యెహెజ్కేలు "యేసయ్యా" అంటూ ముందు సీటు కమ్మీ పట్టుకున్నాడు. ఆవిడ కవరు కింద పడితే తనే వంగి తీసుకుంది. బస్సు మళ్ళీ కదిలింది.

విమానాశ్రయం దాటాక ఆవిడ ఫోను మోగింది. మాట్లాడింది తెలుగు. గోదావరి తెలుగు, దీర్ఘాలు తీస్తూ. యెహెజ్కేలు వెంటనే కిటికీలోంచి బయటికి చూడటం మొదలుపెట్టాడు, కానీ చెవులకి రెప్పలుండవు కదా. "మేడం నిద్దరోతుంటే వచ్చేసేనే" అంది ఆవిడ. "పాస్‌పోర్టా, ఆళ్ళ బీరువాలోనే ఉంది. అయినా ఈయేళ ఎల్లిపోవాలే, ఎలాగైనా సరే." అవతల మనిషి ఏదో అడిగింది. ఈవిడ గొంతు తగ్గించి ఏదో చెబుతుండగా ఫోను చచ్చిపోయింది. ఆవిడ దాన్ని రెండుసార్లు అరచేతికి కొట్టి చూసి కవరులో పడేసింది.

యెహెజ్కేలు లెక్క వేసుకున్నాడు. మేడం నిద్రపోతుంటే వచ్చేసింది, పాస్‌పోర్టు వాళ్ళ దగ్గరే ఉంది, చేతిలో బట్టల మూట. ఇంకేం కావాలి? జూన్ పన్నెండు కళ్ళ ముందు కదిలింది. అతను భయపడినట్టే ఆవిడ వెనక్కి తిరిగింది.

"బాబూ, మీరు తెలుగోరేనాండి?"

అడిగిన మొహంలో అనుమానం లేదు, ఆశ ఉంది. అది అతను చూశాడు. చూసి కూడా, నోట్లో సిద్ధంగా ఉన్న మాట బయటికి వచ్చేసింది.

"నహీ. మలయాళీ. తెలుగు మాలూమ్ నహీ."

ఆవిడ అతని కళ్ళలోకి కాసేపు అలాగే చూసింది. "అలాగాండి" అని ముందుకి తిరిగిపోయింది.

అక్కడితో అయిపోయినా బాగుండేది. అజైబా దాటాక ఆవిడ లేచి, కమ్మీలు పట్టుకుంటూ డ్రైవరు దగ్గరికి వెళ్ళి "ముస్తష్ఫా" అంది. ఆసుపత్రి అనడానికి అరబ్బీలో అదే మాట. ఏ ముస్తష్ఫా అని డ్రైవరు అడిగాడు. విన్న పేరు ఆవిడకి గుర్తు రాలేదు. అతను రూవి వైపున్న మరో ఆసుపత్రి పేరు చెప్పి అదేనా అంటే, ఏదో ఒకటి దొరికినందుకు తల ఊపి, వచ్చి కూర్చుంది. యెహెజ్కేలు అదంతా విన్నాడు. అతను దిగాల్సింది కూడా ఒక ముస్తష్ఫా దగ్గరే, ఇంకో రెండు స్టాపుల్లో. ఈ ఊళ్ళో ఆసుపత్రులు ఎన్ని లేవు, ఆవిడ ఎక్కడికి పోతుందో నాకేం తెలుసు, అడిగితే బయటపడిపోతాను అని తనకి తనే నచ్చజెప్పుకున్నాడు. స్టాపు రాగానే బెల్లు నొక్కి, ఆవిడ సీటు పక్కనుంచే నడిచి, తేలు కుట్టిన దొంగలా దిగిపోయాడు. బస్సు వెళ్తుంటే తలెత్తి చూడలేదు. గేటు లోపలికి అడుగు పెట్టాక గానీ ఊపిరి పీల్చుకోలేదు.

*

రెండింటికి డ్యూటీ అప్పగించేటప్పుడు తొమ్మిదో నంబరు మంచం గురించి ప్రత్యేకంగా చెప్పారు. పేరు దీవెనమ్మ, నలభై ఆరేళ్ళు, ఓ ఒమానీ ఇంట్లో పదకొండేళ్ళుగా వంటమనిషి. గుండె బాగా పాడైంది, ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతోంది. నిన్న రాత్రి నుంచి మరీ బాగాలేదు. యెహెజ్కేలు ఆమె మంచం దగ్గరికి వెళ్ళేసరికి ఆమె దిండ్లకి చేరగిలబడి, మొహానికి ఆక్సిజన్ మాస్కు పెట్టుకుని, తలుపు వంకే చూస్తోంది. ఆసుపత్రిలో అతను తెలుగువాడే కాబట్టి, "ఎలా ఉందక్కా" అని పలకరించాడు. ఆమె మాస్కు కాస్త పక్కకి లాగింది.

తెలుగాయన మధ్యాహ్నం వస్తాడని పొద్దున సిస్టరు చెప్పిందట, అతని కోసమే కాచుకుని ఉందట. ఒక్క సంగతి తెలిస్తే చాలంది. మబేలాలో ఎర్ర బస్సెక్కితే ఇక్కడికి ఎంతసేపు పడుతుంది? యెహెజ్కేలు ట్రాఫిక్కును బట్టి గంటలోపే అన్నాడు. అయితే ఈపాటికి రావాలే అందామె. చెల్లెలు సువార్తమ్మ వస్తోందట. బర్కాలో ఓ తోట ఇంట్లో పని. ఈ దేశం వచ్చి నాలుగు నెలలే అయింది, అక్కాచెల్లెళ్ళు ఇంకా ఒకరి మొహం ఒకరు చూసుకోనేలేదు. ఇంటి పెద్దాయన వెళ్ళి రమ్మని చెప్పి డ్రైవరు చేత మబేలా దాకా దింపించాడట, మేడం నిద్రలో ఉంది కాబట్టి ఆవిడకి చెప్పడం కుదరలేదట, ఇవాళే మళ్ళీ తిరిగి వెళ్ళిపోవాలట. ఆ డ్రైవరే ఫోను చేసి బస్సెక్కించానని చెప్పాడు. అప్పుడు పన్నెండు దాటింది.

యెహెజ్కేలు చేతిలో ఉన్న బీపీ పట్టీ అలాగే ఉండిపోయింది.

"మీ చెల్లెలు ఏం బట్టలు కట్టుకుందక్కా?" అని అడిగాడు. అడగకుండానే అతనికి తెలుసు.

"ఆకుపచ్చ చున్నీ అందండి. కవరట్టుకొస్తది. దువ్వెనా, నూనే తెమ్మన్నాను, తల చిక్కడిపోయి చస్తన్నాను." ఆమె ఊపిరి తీసుకోవడానికి ఆగింది. "దానికి దారి తెలీదు బాబూ. ఏం బయపడకే, బస్సులో మనోళ్ళు ఎవరో ఒకరుంటారు, అడిగితే చెప్తారు అని చెప్పేను."

ఆ మాటకి యెహెజ్కేలు తల ఊపాడు. మాస్కు సరిగ్గా పెట్టి, బీపీ చూసి, అంకెలు రాసుకుని, కారిడార్లోకి వచ్చి గోడకి ఆనుకున్నాడు. ఆమె ఇచ్చిన చెల్లెలి నంబరుకి ఫోను చేస్తే స్విచాఫ్. చార్జింగు ఎక్కడ పోయిందో అతనికి తెలుసు. బస్సులో, అతని కళ్ళ ముందే పోయింది.

అప్పుడైనా చెయ్యగలిగింది ఒకటుంది. ఇన్‌చార్జి సిస్టరు మంచి మనిషి, కోట్టయం ఆవిడ, అసలు సిసలు మలయాళీ. అరగంట వదలండి, ఒక మనిషిని వెతికి తెస్తానంటే కాదనేది కాదు. కానీ ఎవరు, ఎక్కడ తప్పిపోయింది, నీకెలా తెలుసు అని అడుగుతుంది. దానికి జవాబు చెప్పాల్సి వస్తుంది. ఒకటికి రెండుసార్లు ఆవిడ గది గుమ్మం దాకా వెళ్ళాడు. రెండుసార్లూ ఇంజెక్షన్ ట్రే పట్టుకుని తిరిగొచ్చాడు. కింద సెక్యూరిటీకి ఫోను చేసి, ఆకుపచ్చ చున్నీ ఆవిడ వస్తే గుండె వార్డుకి పంపమని మాత్రం చెప్పాడు. కారిడార్ చివర కిటికీలోంచి హైవే స్టాపు కనిపిస్తుంది. పని మధ్యలో అక్కడికి వెళ్ళి నిలబడ్డాడు. ఎర్ర బస్సులు ఆగుతున్నాయి, జనం దిగుతున్నారు.

దీవెనమ్మ రెండున్నరకి ఒకసారి అడిగింది, వచ్చిందా అని. ఇంకా లేదక్కా, బస్సు నిదానంగా వస్తుంది అన్నాడు. మూడింటికి కాస్త ముందు మళ్ళీ అడిగింది. అదే జవాబు చెప్పాడు. మూడు దాటాక ఊపిరి అందడం మానేసింది. పెదవులు నల్లబడ్డాయి, మిషన్లు కూత పెట్టాయి, డాక్టర్లు పరుగెత్తుకొచ్చారు. గొట్టం వెయ్యాలి అన్నారు. నిద్రమందు ఎక్కించేముందు ఆమె యెహెజ్కేలు మణికట్టు పట్టుకుంది. మాస్కు కింద పెదవులు కదిలాయి. మాట వినపడలేదు గానీ ఏం అడిగిందో అతనికి తెలుసు.

"వచ్చేసిందక్కా" అన్నాడు యెహెజ్కేలు. "కింద లిఫ్టు దగ్గరుంది. వస్తోంది."

ఆమె మణికట్టు వదిలేసింది. మందు ఎక్కింది.

*

సువార్తమ్మ నాలుగూ నలభైకి వచ్చింది. రూవి వైపున్న ఆసుపత్రిలో దిగి, ఆ అంతస్తూ ఈ అంతస్తూ తిరిగి, ప్రతి వార్డు గుమ్మంలోనూ అక్క పేరు చెప్పి, చివరికి ఊడ్చే బంగ్లాదేశీ ఒకతను సైగలతో అర్థం చేసుకుని వెనక్కి వచ్చే బస్సెక్కిస్తే వచ్చింది. హైవే దాటడానికి వంతెన ఎక్కి దిగిందట, చెప్పు తెగింది. ఒంటి కాలికి చెప్పుతో వార్డు గుమ్మంలో నిలబడింది. ఎవరు ఏమడిగినా దీవెనమ్మ, దీవెనమ్మ అంటోంది.

ఇన్‌చార్జి సిస్టరు యెహెజ్కేలుని పిలిచింది. "మీ భాష మనిషి కదా. నువ్వే చెప్పాలి."

అతను వెళ్ళాడు. ఆ పది అడుగులు నడిచేటప్పుడు ఎక్కడైనా నేల నోరు తెరిస్తే దూకేద్దామనిపించింది. సువార్తమ్మ అతన్ని చూసింది. చూపు ఒక్క క్షణం అతని మొహం మీద ఆగింది. యెహెజ్కేలు తెలుగులో చెప్పాడు. అక్కకి ఊపిరి ఆడలేదని, మిషను మీద పెట్టారని, నిద్రమందు ఇచ్చారని. ఆవిడ ఏమంటుందా అని చూశాడు. తిడుతుందనుకున్నాడు. తిట్టాలని కోరుకున్నాడు.

"మాటాడుద్దాండి?" అంది సువార్తమ్మ.

"ఇప్పుడు కాదమ్మా."

"ఇంటదా?"

వింటుందేమో అన్నాడు. ఆవిడ మంచం పక్కన కూర్చుని కవరు విప్పింది. నూనె సీసా, దువ్వెన, ఉతికిన నైటీ ఒకటి, తువ్వాలు. అవే ఆ బట్టల మూట. అక్క జుట్టుని దిండు మీద పరిచి, గొట్టాలకి తగలకుండా, కొసల నుంచి చిక్కు తీయడం మొదలుపెట్టింది. తీస్తూ మధ్యాహ్నం నుంచి జరిగిందంతా గొణుగుతూ అక్కకి చెప్పింది. బస్సు సంగతి వచ్చినప్పుడు యెహెజ్కేలు సెలైను సీసా సరి చేస్తున్నాడు. "దారి తప్పేనే" అని మాత్రం అంది. ఎవర్ని అడిగిందో, ఏం చెప్పారో ఆ కథలో లేదు. గుర్తు పట్టలేదు కాబోలు అనుకున్నాడు. అలా అనుకోగానే లోపల ఒక మూల కాస్త తేలికైంది. ఆ తేలికే అతన్ని అన్నిటికంటే ఎక్కువగా కాల్చింది.

దీవెనమ్మ మర్నాడు మధ్యాహ్నం పోయింది. మళ్ళీ కళ్ళు తెరవలేదు.

*

ఇక్కడ పోయిన మనిషిని ఇంటికి పంపడం అంటే బతికున్నవాళ్ళు బస్సులెక్కడం. ఆసుపత్రి కాగితం పోలీసుల దగ్గరికి పోవాలి, పోలీసుల కాగితం ఎంబసీకి, ఎంబసీ కాగితం మళ్ళీ ఆసుపత్రికి, అక్కడి నుంచి విమానాశ్రయానికి. దీవెనమ్మ యజమాని పెద్దమనిషి, ఖర్చంతా పెట్టుకున్నాడు గానీ వయసు మీద పడి తిరగలేడు. సువార్తమ్మకి బర్కా మేడం వారం రోజులు సెలవిచ్చింది. తీరా తెలిస్తే ఆవిడ కూడా రాక్షసి కాదు, నాకెందుకు చెప్పలేదు, నేనే కారులో పంపేదాన్ని కదా అని ఏడ్చిందట. యెహెజ్కేలు ఎవరూ అడక్కుండానే ముందుకొచ్చాడు. పొద్దున్నే బయల్దేరి, ఆవిడతో తిరిగి, రెండింటికి డ్యూటీలో చేరేవాడు.

ఆరు రోజులు తిరిగారు. ఆవిడ ముందు సీట్లో, అతను వెనక సీట్లో, మొదటి రోజు కూర్చున్నట్టే. తేడా ఒక్కటే. ఇప్పుడు ప్రతి స్టాపుకీ అతను ముందుకి వంగి పేరు చెప్పేవాడు. ఇది గుబ్రా. ఇది అల్ ఖువైర్, ఎంబసీకి ఇక్కడ దిగాలి. ఇక్కడ వంతెన ఎక్కి అవతలికి పోతే వెనక్కి పోయే బస్సు వస్తుంది. బస్సంతా వినేలా తెలుగులో చెప్పేవాడు. ఎవరైనా తెలుగువాళ్ళు తిరిగి చూస్తే, అవునండి నేనూ తెలుగే అన్నట్టు చూసేవాడు. పాపం, ఎంత గట్టిగా చెప్పినా ఆ మొదటి రోజు స్టాపు దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గిపోయేది. సువార్తమ్మ ఊఁ కొట్టేది. నాలుగో రోజుకి ఆవిడే ముందుగా పేర్లు చెప్పడం మొదలుపెట్టింది.

రోజూ ఇవాళ చెప్పేయాలి అనుకునేవాడు. ఎంబసీలో బల్ల మీద కూర్చున్నప్పుడు నోటి దాకా వచ్చేది, ఇంతలో నంబరు పిలిచేవారు. పోలీసు స్టేషన్ నీడలో నిలబడ్డప్పుడు ఆవిడ అక్క చిన్నప్పటి సంగతులు చెబుతుండేది, మధ్యలో ఎలా అడ్డం వస్తాం. కాలేబ్ సంగతి విని, ఇప్పుడు చెప్పి ఎవర్ని ఉద్ధరిస్తావు, ఆమెకి సాయం చేస్తున్నావు కదా, చేతులు కడిగేసుకో అన్నాడు. యెహెజ్కేలు మూడు రోజులుగా అతనితో సరిగ్గా మాట్లాడలేదు. కాలేబ్ చెప్పిన తప్పు కాదు, తాను విన్న తప్పు. అది తెలిసి కూడా కోపం పోలేదు. శుక్రవారం చర్చిలో పాట ఎత్తుకున్నప్పుడు అతని నోరు పెగల్లేదు. రాత్రి సెలిన్ ఫోను చేసి పెట్టెలు సర్దుతున్నాననీ, అక్కడ తనకి తోడు తెలుగువాళ్ళెవరైనా ఉంటారా అనీ అడిగితే, ఉంటారు అని గబుక్కున ఫోను పెట్టేశాడు.

ఏడో రోజు పొద్దున్న విమానాశ్రయం సరుకుల గోదాము దగ్గర దీవెనమ్మ పెట్టె మీద ఊరి పేరూ తమ్ముడి పేరూ అంటించి లోపలికి తీసుకుపోయారు. సువార్తమ్మ వెళ్ళడం లేదు. ఇంకా ఏడాదిన్నర పైన కాంట్రాక్టు ఉంది, ఇంటి దగ్గర ఇద్దరు పిల్లల చదువులు ఆమె మీదే ఉన్నాయి. గోదాము తలుపు మూసేదాకా నిలబడి, చున్నీతో మొహం తుడుచుకుని, "పదండి" అంది. ఇద్దరూ హైవే పక్కన బస్సు స్టాపుకి నడిచి వచ్చారు. ఆ రోజు అతనికి డ్యూటీ లేదు. ఇద్దరూ పోవాల్సింది ఒకే వైపు, ఆవిడ మబేలాకి, అతను మధ్యలో మవాలెహ్‌కి.

కాగితాలు అయిపోయాయి. నంబరు పిలిచేవాళ్ళు లేరు. ఇంక అడ్డం పెట్టుకోవడానికి ఏమీ మిగల్లేదు.

"సువార్తమ్మా" అన్నాడు యెహెజ్కేలు. "ఆ రోజు బస్సులో నువ్వడిగింది నన్నే. నాకు తెలుగు రాదని అబద్ధం చెప్పాను. నువ్వు పారిపోయి వచ్చావనుకుని భయపడ్డాను. డ్రైవరు నీకు వేరే ఆసుపత్రి చెబుతుంటే విన్నాను. విని కూడా దిగిపోయాను."

ఆవిడ రోడ్డు వంకే చూస్తోంది.

"తెల్సండి."

"ఆసుపత్రిలో గుర్తు పట్టావా?"

"బస్సులోనే తెల్సండి. బ్రేకేసినప్పుడు మీరు యేసయ్యా అన్నారు. మలయాళపోళ్ళు అలా అనరండి. మా డ్రైవరు మలయాళపాయనే, ఆళ్ళ దేవుణ్ణి ఆళ్ళ మాటల్లో పిలుస్తాడు. అందుకే అంతమంది ఉండగా మిమ్మల్నడిగేను."

ఆ రోజు యెహెజ్కేలు నోటి నుంచి వచ్చిన మాటల్లో నిజమైనది అదొక్కటే. ఆవిడ పట్టుకున్నదీ దాన్నే.

"మరి ఇన్నాళ్ళూ ఎందుకు అనలేదు?" అన్నాడు.

"మిమ్మల్ని వార్డులో చూసేసరికి చొక్కా అట్టుకుని అరవాలనిపించిందండి. అరిస్తే మీరు మొగం చాటేసేవోరు. అక్కని ఇంటికంపాలంటే నాకు బాష తెలిసిన మనిషి కావాల. మీరు తప్ప ఎవరున్నారండి నాకు?" ఆవిడ గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "ఇప్పుడు అంపేసేం కదండి."

దూరంగా ఎండలో ఎర్ర బస్సు కనిపించింది. యెహెజ్కేలు మిగిలిందీ చెప్పేశాడు. అక్క మూడుసార్లు అడిగిందని, బస్సులో మనవాళ్ళెవరో ఒకరుంటారని చెప్పిందని, చివరికి గొట్టం వేసేముందు నువ్వు వచ్చేశావని, లిఫ్టు దగ్గరున్నావని తాను చెప్పానని.

సువార్తమ్మ అప్పుడు అతని వంక తిరిగింది. "నమ్మిందాండి?"

"నమ్మింది. చెయ్యి వదిలేసింది."

బస్సు దగ్గరికి వచ్చేసింది.

"ఆ అబద్దం ఉండనీండి" అంది. "అది మంచిదే. మొదటిది మాత్రం నేను మర్చిపోలేనండి. మర్చిపోదామని చూసేను. కుదర్లేదు."

తలుపులు తెరుచుకున్నాయి. ఆవిడ ఎక్కి, డ్రైవరుకి ఎవరి సాయమూ లేకుండా "మబేలా" అని చెప్పి, ముందు సీట్లో కిటికీ పక్కన కూర్చుంది. యెహెజ్కేలు ఎక్కాల్సింది కూడా ఆ బస్సే. డ్రైవరు అతని కోసం తలుపు తెరిచే ఉంచి, ఎక్కుతావా లేదా అన్నట్టు చూశాడు. యెహెజ్కేలు వద్దన్నట్టు చెయ్యి ఊపాడు. తలుపులు మూసుకున్నాయి. తర్వాతి బస్సుకి ఇరవై నిమిషాలు పడుతుంది. అతను ఎండలోనే నిలబడ్డాడు.